గోడ మీద బొగ్గు గీతలు

మొన్న ఫోన్లో చిన్నదానివి నువ్వే నవ్వుతూ చెప్పావు. "అమ్మమ్మా, మా గదిలో పైమూల గోడ మీద మచ్చ పడింది, అచ్చం ఏనుగులా ఉంది. కనపడకుండా క్యాలెండర్ తగిలించాం" అని. ఆ మచ్చ కింద నీ మంచం ఉందా అని అడగాల్సింది, నోరు రాలేదు. ఎందుకు రాలేదో చెబుతాను. నువ్వూ అక్కా పక్కపక్కన కూర్చుని వినండి.

మీ అమ్మకి ఆరేళ్ళప్పటి సంగతి ఇది. ఎనభైలలో. మీ తాతయ్యకి రేపల్లె పక్కన నగరం అనే ఊరి దగ్గర ఒక పల్లెలో బడిపంతులు ఉద్యోగం. మాది రెండు గదుల పెంకుటిల్లు, తాటి దూలాలు. మా అత్తగారు, అంటే మీ అమ్మకి నాయనమ్మ, మాతోనే ఉండేవారు. ఆవిడకి రెండు కళ్ళలోనూ శుక్లాలు. వాకిట్లోకి ఎవరొచ్చినా అడుగుల చప్పుడుని బట్టే పోల్చుకునేవారు. అయినా ఆ ఇంటి కప్పు సంగతి ఆవిడకి తెలిసినంతగా మాలో ఎవరికీ తెలియదు.

మిట్టమధ్యాహ్నం తలుపులూ కిటికీలూ మూయించి నన్ను పైకి చూడమనేవారు. "చుక్కలేమన్నా కనపడతన్నాయా అమ్మాయ్?" అని అడిగేవారు. పెంకు జరిగిన చోట సూది బెజ్జమంత వెలుతురు కనిపిస్తుంది. కనిపిస్తే వానలు రాకముందే ఆ పెంకు సర్దించాలి. పొద్దున్నే దుప్పట్ల మీద అరచెయ్యి పెట్టి రాసేవారు. చేతికి సన్నటి పిండిలాంటిది అంటితే పైన దూలాన్ని పురుగు తింటున్నట్టు.

అన్నిటికన్నా ఆవిడ నమ్మింది బొగ్గు గీతని. వాన వెలిశాక గోడని అరచేత్తో తడుముకుంటూ వెళ్ళేవారు. తడి ఎక్కడ ఆగిందో అక్కడ, ఆ అంచు వెంబడే, బొగ్గు ముక్కతో గీత గీసేవారు. మళ్ళీ వాన పడితే మళ్ళీ తడిమి, గీత ఎక్కడుందో నన్ను చూసి చెప్పమనేవారు. తడి గీత లోపలే ఉంటే పరవాలేదు. గీత దాటితే నీళ్ళు కొత్త దారి వెతుక్కున్నాయన్నమాట. మీ అమ్మ మంచం వేసే మూలన, దూలం గోడలోకి దిగే చోటుకి కింద, ఆ ఏడాది అలాంటి గీతలు మూడు పడ్డాయి. ఒకదాని బయట ఒకటి.

డిసెంబర్ వచ్చింది. క్రిస్మస్ ముందు మా సంఘంలో రోజుకో ఇంట్లో ప్రార్థన పెట్టేవారు. ఆ ఏడు మా వంతు కూడా వచ్చింది. పాస్టరుగారూ, ఊళ్ళోవాళ్ళూ అందరూ వస్తారు. పక్కింటావిడ ఒకరోజు మంచినీళ్ళకని వచ్చి ఆ గోడ చూసి పకపకా నవ్వింది.

"ఏంటొదినా, మీ అత్త గోడ మీద ముగ్గేసిందా? బొగ్గుతో ఏసే ముగ్గు ఇప్పుడే చూస్తన్నా."

నాకు తల కొట్టేసినట్టయింది. అత్తగారు సంగం జాగర్లమూడిలో కూతురింటికి వెళ్ళి రెండు రోజులు ఉంటానన్నారు. ఆ రెండు రోజుల్లో రేపల్లె నుంచి సున్నం తెప్పించి, కాస్త నీలిమందు కలిపి, ఇల్లంతా నేనే వేశాను. ఆ మూలన మాత్రం మూడు పూతలు వేశాను, గీతలు ఓ పట్టాన పోలేదు.

అత్తగారు వచ్చీ రాగానే ఆ గోడ దగ్గరికే వెళ్ళి తడిమారు. చేతికి సున్నం అంటింది.

"నా గీతలేవమ్మాయ్?"

"సున్నం వేశానండి అత్తయ్యా. ప్రార్థనకి అందరూ వస్తారు గదా."

ఆవిడ చీర చెంగుతో చెయ్యి తుడుచుకున్నారు.

మరుసటేడు వానలకి ఆ మూలన మచ్చ లేత పసుపు రంగులో కనిపించీ కనిపించనట్టు తేలింది. తగ్గిపోయిందనే అనుకున్నాం. అత్తగారు మాత్రం తడిమి తడిమి, "కిందటేడు ఎందాకా వచ్చి ఆగిందో నాకు గుర్తు లేదమ్మాయ్. గీతలుంటే తెలిసేది" అన్నారు. ఆ రోజే ఆవిడ మీ తాతయ్యతో, "పిల్ల మంచం ఇటు మార్చు. ఆ మూలన నేను పడుకుంటా" అన్నారు.

"ఎందుకమ్మా?"

"కిటికీ గాలి కావాలిరా నాకు."

"ఆ మూల కిటికీ లేదుగా!"

"నాకు కనపడదుగా. ఉందనుకుంటాలే."

మీ తాతయ్య నవ్వేశారు. నేనూ నవ్వాను. మంచాలు మార్చాం.

కార్తీకంలో మూడు రోజులు ముసురు పట్టింది. మూడో రోజు మధ్యాహ్నం నేను వంటింట్లో ఉన్నాను. బడి లేదని మీ అమ్మ అన్నం తిని, నాయనమ్మ ఇదివరకు పడుకునే వైపు వేసిన తన మంచంలో పడుకుంది. దూలం కిర్రుమనడం ఆవిడ చెవినే ముందు పడినట్టుంది, లోపల నుంచి "అమ్మాయ్, పిల్లని బయటికి తీసుకుపో" అని అత్తగారి కేక వినిపించింది. నేను పరుగెత్తి మీ అమ్మని ఎత్తుకుని వాకిట్లోకి వచ్చానో లేదో, వెనక పెద్ద చప్పుడు. దూలం ఆ చివర గోడలోంచి జారి, దాంతో పాటు పెంకులన్నీ ఆ మూలనే పడ్డాయి. దుమ్ములోంచి ముందుగా వినిపించిన మాట, "పిల్ల ఏదీ?"

ఆవిడ మంచం దిగబోతుండగా దూలం తొడ మీద పడింది. రేపల్లె నుంచి రైల్లో తెనాలి ఆసుపత్రికి తీసుకెళ్ళాం. కాలు విరిగిందన్నారు.

ఆవిడ ఆసుపత్రిలో ఉండగానే కప్పు నేసే పెద్దాయన వచ్చాడు. దూలం చివర వేలితో గిల్లితే తడిసిన పిండిలా రాలింది.

"మిగతా దూలమంతా రాయిలా ఉందండి మాస్టారూ. గోడలో ఉన్న జానెడే కుళ్ళింది. ఒక్కరోజులో అయ్యే పని కాదిది. మీకు గోడ మీద ఏమీ కనపళ్ళేదా?"

నేనే చెప్పాను.

"కనపడింది బాబాయ్. నేనే సున్నం కొట్టేశాను."

అత్తగారు రెండు నెలల తర్వాత చేతికర్రతో ఇంటికొచ్చారు. మళ్ళీ మునుపటిలా నడవలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. వేసవి వెళ్ళి తొలి వాన కురిసి వెలిసిన రోజు మంచంలోంచే పిలిచారు.

"అమ్మాయ్, పొయ్యిలోంచి ఓ బొగ్గు ముక్క పట్రా. నేను నిలబడలేను. నువ్వే తడిమి చూసి, నువ్వే గియ్యి."

తడి అంచు వెంబడే గీశాను. ఆవిడ బతికున్నన్నాళ్ళూ ప్రతి వానకీ, "దాటిందా?" అని అడిగేవారు. "దాటలేదండి" అని చెప్పాకే కాఫీ తాగేవారు.

ఇప్పుడు ఈ బాపట్ల ఇల్లు శ్లాబు. అయినా నా గదిలో పైన పెన్సిల్ గీత ఒకటుంది. మీ అమ్మ వచ్చినప్పుడల్లా దాన్ని చూస్తుంది, తుడవదు.

అందుకని చిన్నమ్మా, ముందు నీ మంచం ఆ మూల నుంచి జరుపు. ఆ తర్వాత క్యాలెండర్ తీసెయ్. ఏనుగు చుట్టూ పెన్సిల్‌తో గీత గియ్యి. వాన పడ్డాక గీత దాటిందో లేదో ఫోన్ చేసి చెప్పు. మీ ఊళ్ళో వాన పడిందని టీవీలో చెబితే ఫోన్ పక్కనే కూర్చుంటాను.