తొలివానకు పలక వేసినవాడు

మా మరిది గొడవపడి గెలవడం నేను కళ్ళారా చూసింది ఒక్కసారే. మనిషి మహా నెమ్మది. ఎవడైనా కాలు తొక్కితే, తిరిగి తనే "తగిలిందా బాబూ?" అని అడిగే రకం. అలాంటివాడు ఒక పొద్దున పై వీధిలో, బళ్ళు కడిగే షెడ్డు ముందు నిలబడి "ఆ బకెట్టు కింద పెట్టు" అని అరుస్తుంటే, కూరల సంచీతో ఇంటికి పోతున్న నేను అక్కడే ఆగిపోయాను.

బకెట్టులో ఉన్నది బళ్ళలోంచి తీసిన నల్లనూనె. షెడ్డాయన దాన్ని రోడ్డు పక్క కాలవలో పోయబోతున్నాడు. వానలు ముదిరిన రోజులు. కాలవ నిండుగా, తేటగా పారుతోంది.

"కాలవ నీ బాబుదా?" అన్నాడు షెడ్డాయన.

"కాదు. నీ బాబుదీ కాదు. కింద వీధిలో తాగేవాళ్ళది."

"ఓయబ్బో! మురుగంతా ఊరవతల మిషన్లు పెట్టి శుద్ధి చేస్తున్నారుగా. నా ఒక్క బకెట్టు దగ్గరే బాధ వచ్చిందా నీకు?"

"శుద్ధి చేసేది మూతలున్న మురుగుకాలవది. ఇది వానకాలవ. దీనికి శుద్ధీ లేదు, పాడూ లేదు. తిన్నగా వాగులోకే."

"నువ్వు చూశావా?"

"రోజూ చూస్తున్నా. నువ్వూ చూద్దువుగాని, రా."

పక్కనే వడ్రంగి కొట్టు ఉంది. మా మరిది లోపలికి వెళ్ళి రెండు దోసిళ్ళ రంపపు పొట్టు తెచ్చి కాలవలో పోశాడు. పోసి, షెడ్డాయన చెయ్యి పట్టుకుని దాని వెంట నడవడం మొదలుపెట్టాడు. ఊరికే వచ్చే వేడుక ఎవరు వదులుకుంటారు? మంగలి కత్తెర పట్టుకుని వచ్చాడు, సగం క్షవరమైన తలతో అతని బేరం కూడా వచ్చాడు, నేనూ వెళ్ళాను. పొట్టు మలుపులు తిరిగింది, వంతెన కింద దూరింది, మెట్లవీధి పక్కన గబగబా దిగింది. చివరికి వాగులో తేలింది. అక్కడికి పదడుగుల్లో పంపుహౌసు బావి. కింద వీధి కుళాయిలకి నీళ్ళెక్కేది ఆ బావిలోంచే.

షెడ్డాయన వంగి పొట్టును చూశాడు, తలెత్తి బావిని చూశాడు. నాకు మాటలకి ఎప్పుడూ కొదవ లేదు కదా, "ఏం నాయనా, మీ అత్తగారిల్లు కింద వీధిలోనేగా? రోజూ ఆవిడ టీలోకి నల్లనూనె పంపిస్తున్నావా?" అన్నాను. అందరూ నవ్వారు. ఆ మర్నాటి నుంచి ఆ నూనె డబ్బాల్లోకి ఎక్కింది, పాత ఇనుము కొనేవాడికి పోయింది. మా మరిది మాత్రం ఆ రోజు నవ్వలేదు. "ఒక్కడు మానాడు వదినా. ఈ వాలు మీద ఎన్ని గుమ్మాలున్నాయో నీకు తెలుసా?" అన్నాడు.

వాలు అన్న మాట అతని నోట ఎప్పుడూ ఉండేది. మనకి ఇది పై వీధి, అది కింద వీధి, మధ్యది మెట్లవీధి. అతనికి అన్నీ కలిసి ఒకటే వాలు. ఇంటికప్పు మీద పడ్డ చినుకు, బస్సులు ఆగే చోట పడ్డ చినుకు, బడి ఆటస్థలంలో పడ్డ చినుకు, అన్నీ దిగి దిగి ఆ బావి పక్కకే చేరతాయి. నీరు పల్లమెరుగు అని మనం ఊరికే అనేస్తాం. ఏ నీరు ఏ సందులోంచి ఏ పల్లానికి పోతుందో ముప్పై ఏళ్ళు వెంటనడిచి తెలుసుకున్నవాడు అతను.

అతని ఉద్యోగం ఏమిటంటే పలక తిప్పడం. వానకాలవ వాగులో పడేముందు రెండుగా చీలుతుంది. ఒక పాయ వాగుకి, రెండోది ఇసుక పరిచిన ఒండ్రుగుంటకి. చీలిక దగ్గర రాతిలో గాడి ఉంది, ఆ గాడిలో దిగే బరువైన చెక్క పలక ఉంది. ఎండరోజుల్లో వాగు వైపు పాయకి పలక అడ్డం వేసి ఉంచుతాడు. తొలివాన పడగానే నెలల తరబడి రోడ్ల మీద పేరుకున్న నూనె, పేడ, ఉమ్ములు, పెంట, సమస్తం కొట్టుకొచ్చి గుంటలో పడతాయి. మడ్డి అడుక్కి దిగుతుంది, నీళ్ళు ఇసుకలో ఇంకుతాయి. కాసేపటికి కాలవ తేటపడుతుంది. అప్పుడు పలక తీసి గుంట వైపు వెయ్యాలి. ఆలస్యమైతే గుంట పొంగి, అడుగునున్న మడ్డంతా లేచి వాగులో పడుతుంది. తొందరపడితే మురికి తిన్నగా వాగులోకే పోతుంది. అందుకని గొడుగు కూడా లేకుండా అక్కడే నిలబడి, గాజుగ్లాసుతో నీళ్ళు ముంచి ఆకాశానికి ఎత్తి చూసేవాడు. గ్లాసు వెనక పెట్టిన బొటనవేలి గోరు కనిపిస్తే పలక తిప్పేవాడు. నాలుగు రోజులు ఎండ కాస్తే మళ్ళీ మొదటికి. వీధిలో అందరూ పలకాయన అనేవాళ్ళు.

"నీ నోటికి కూడా ఒక పలక ఉంటే బాగుండేది వదినా" అనేవాడు నాతో.

"వెయ్యాల్సింది మీ అన్నయ్య. ఆయన వల్లే కాలేదు, నీ వల్ల ఏమవుతుందయ్యా" అనేదాన్ని.

మా ఆయన పోయిన రోజు సంగతి కూడా చెప్పాలి. శవం ఇంకా ఇంట్లోనే ఉంది. చుట్టాలు దిగుతున్నారు. ఉన్నట్టుండి మబ్బేసి ఆ ఏటి తొలివాన మొదలైంది. మా మరిది అన్నగారి కాళ్ళ దగ్గర కూర్చున్నవాడు కూర్చున్నట్టే లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళిపోయాడు. గంటకి పైగా రాలేదు. తడిసి ముద్దయి వచ్చి మళ్ళీ అక్కడే కూర్చున్నాడు. ఏడాది పొడుగునా నేను అతనితో మాట్లాడలేదు. తోడబుట్టినవాడి కన్నా మురుక్కాలవ ఎక్కువైందా అని నలుగురిలో అన్నాను కూడా. పడ్డాడు గాని ఒక్క మాట తిరిగి అనలేదు. ఆ వానకి కింద వీధిలో ఒక్క పిల్లకీ కడుపు చెడలేదని నాకు ఆలస్యంగా తట్టింది.

అతను రిటైరయ్యే ఏడు ఆఫీసువాళ్ళు పలక పీకేసి ఇనుపతలుపు పెట్టారు. మనిషి అక్కర్లేదట, దానంతట అదే తిరుగుతుందట. నీళ్ళు తక్కువగా ఉన్నంతసేపూ వాగు వైపు తెరిచి ఉంటుంది. నీళ్ళు మోకాలెత్తు లేచాక లోపల ఒక బంతి తేలుతుంది, అప్పుడు వాగు వైపు మూసుకుని గుంట వైపు తెరుచుకుంటుంది. చుట్టూ కంచె, కంచెకి తాళం.

మా మరిది అది చూసి మొహం పాలిపోయి ఇంటికొచ్చాడు. "తలకిందులుగా పెట్టారు వదినా" అన్నాడు.

ఇద్దరం ఆఫీసుకి వెళ్ళాం. ఇంజనీరమ్మ మంచి పిల్ల, కుర్చీలు వేయించింది. "ఎక్కువ నీళ్ళొస్తేనే కదా తాతగారూ ఎక్కువ మురికి వచ్చేది" అంది.

"కాదమ్మా. మురికంతా మొదట వచ్చే సన్నటి నీళ్ళలోనే దిగిపోతుంది. నీ బంతి తేలే వేళకి వచ్చేవి తేటనీళ్ళు. నీ తలుపు మురికిని వాగులోకి వదిలి, మంచినీళ్ళని గుంటలోకి తోస్తుంది."

"లెక్కలు కట్టే పెట్టారండి. వరద వచ్చినప్పుడు కొట్టుకొచ్చే మట్టిని చూసి పెట్టిన లెక్క."

నేనిక ఉండబట్టలేక, "ఏమ్మా, అంట్ల గిన్నెలో పోసిన మొదటి చెంబు నీళ్ళు పారబోస్తావా, రెండో చెంబా? ఆ మాత్రానికి లెక్కలెందుకు?" అన్నాను. ఆ పిల్ల నవ్వి, మేము చెప్పిందంతా కాగితం మీద రాసుకుంది. పైకి పంపిస్తానంది. పంపించిందనే అనుకుంటాను. పైన ఎవరున్నారో, ఆ వాలు ఎటు ఉందో నాకు తెలియదు.

తొలివాన ఒక మధ్యాహ్నం పడింది. మా మరిది వెళ్తున్నాడని తెలిసి నేనూ గొడుగేసుకుని వెంట వెళ్ళాను. కంచె ఇవతల నిలబడ్డాం. కాలవలో నీళ్ళు చీలమండ లోతు కూడా లేవు, గంజిలా కాదు, తారులా వస్తున్నాయి. ఇనుపతలుపు వాగు వైపు బార్లా తెరిచి ఉంది. నల్లగా, నురగతో, ఒక చచ్చిన ఎలకతో సహా, అంతా బావి పక్కకి పోతోంది.

"తాళం తియ్యి బాబూ, ఒక్క అరగంట తియ్యి" అన్నాడు కాపలావాడితో.

"నా దగ్గర కాపలా ఉంది గాని తాళం లేదు పెద్దాయనా" అన్నాడు వాడు. అబద్ధం కాదు. పాపం, జేబులు కూడా తిరగేసి చూపించాడు.

మా మరిది కంచె పట్టుకుని ఊపాడు. అరవై ఏళ్ళ చేతులకి ఇనుము ఊగుతుందా? పంపుహౌసుకి పరిగెత్తి మోటారు ఆపమన్నాడు. పైనుంచి చెప్పకుండా ఆపితే నా ఉద్యోగం పోతుందన్నాడు మోటారువాడు. తిరిగొచ్చి కంచె పక్క రాయి మీద కూలబడ్డాడు. కాసేపటికి వాన హోరెత్తింది, కాలవ తేటపడింది. అప్పుడు బంతి లేచింది. తలుపు కిర్రుమంటూ తిరిగి ఆ తేటనీళ్ళన్నిటినీ గుంటలోకి తోసింది. గుంట పొంగింది. పాత మడ్డి కూడా లేచి వాగులో కలిసింది.

"చూశావా వదినా, ఎంత ఒద్దికగా తిరిగిందో" అన్నాడు. నేను గొడుగు అతని మీదికి జరిపాను.

అతని కూతురు కాపురం కింద వీధిలోనే. దాని బిడ్డకి అప్పుడు ఎనిమిదో నెల. మర్నాడు సాయంత్రానికి వాంతులు, విరేచనాలు. కాచిన నీళ్ళే పట్టానంటుంది తల్లి. కాచినవి తాగించింది, నిజమే. పాలసీసా కడిగింది కుళాయి కింద. ఆస్పత్రిలో వారం రోజులు పడుకోబెట్టారు. పిల్ల బతికింది గాని, బుగ్గలన్నీ పోయి చిట్టెలకలా ఇంటికొచ్చింది. ఆ వీధిలో ఇంకో పదకొండు ఇళ్ళల్లో మంచం పట్టారు.

ఆఫీసువాళ్ళు వచ్చి నీళ్ళు సీసాలకి పట్టుకెళ్ళారు. ఎప్పుడనుకున్నారు? నాలుగో రోజు. అప్పటికి వాగు అద్దంలా ఉంది. నీళ్ళు బాగున్నాయని కాగితం వచ్చింది, దాన్ని పంపుహౌసు గోడకి అంటించారు. దొంగ వెళ్ళిపోయాక తలుపు కొట్టి, లోపల ఎవరూ లేరని రాసుకున్నట్టుంది.

మా మరిది ఇంటింటికీ వెళ్ళి చెప్పబోయాడు. కిరాణా కొట్టాయన, "ఉద్యోగం మిషను లాక్కుంటే ఎవడికైనా ఏడుపే పలకాయనా, దానికి వీధినంతా బెదిరించాలా?" అన్నాడు. ఆ మాట వీధంతా పాకింది. అంతకన్నా ఆశ్చర్యం, బడిపంతులు కూడా తల ఊపాడు. ఆఖరికి కన్నకూతురే, "నాన్నా, ఇక ఊరుకో. నన్ను చూసి నవ్వుతున్నారు. పిల్లకి ఏదో దిష్టి తగిలింది" అంది. ఇంట్లోవాళ్ళే అలా అంటే బయటివాళ్ళని ఏమనగలం? గోరుచుట్టు మీద రోకటిపోటు.

అప్పటినుంచి అతను మాట తగ్గించేశాడు. మూడు అర్జీలు పెట్టించాడు, నేనే వేలిముద్ర కాకుండా సంతకం పెట్టాను కింద. జవాబు ఒకదానికి వచ్చింది, పరిశీలనలో ఉందని. ఇంజనీరమ్మకి వేరే ఊరికి బదిలీ అయింది. షెడ్డాయన ఒక్కడే మా మాట నమ్మాడు. అతను నమ్మి ఏం లాభం, అతనికీ ఆ తాళం లేదు.

ఈ ఏడు ఎండలు ముగుస్తున్నాయి. మొన్న పొద్దున మా ఇంటికి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. గుమ్మం పట్టుకుని నిలబడి ఆయాసపడ్డాడు. ఊపిరితిత్తుల్లో నీరు చేరిందట, మెట్లెక్కకూడదన్నారట.

"టీ పెట్టనా?" అన్నాను.

"వద్దు. ఒక్క పని ఉంది. చేస్తావా?"

"ముందు పనేమిటో చెప్పవయ్యా. చేసేదో చెయ్యనిదో అప్పుడు చూద్దాం."

"మబ్బు పట్టగానే నువ్వు కింద వీధికి వెళ్ళాలి. చినుకు పడకముందే. ఇల్లిల్లూ తిరిగి, బిందెలు, బకెట్లు, ఉన్నవన్నీ నింపేసుకోమను. తర్వాత మూడు రోజులు కుళాయి తిప్పొద్దను. తాగడానికే కాదు, పుక్కిలించడానికీ, సీసా కడగడానికీ వద్దను."

"నా మోకాళ్ళు చూశావా? అరవై గుమ్మాలయ్యా అవి."

"అరవై నాలుగు."

"నేను చెప్తే మాత్రం వింటారా?"

"వినరేమో. నేను చెప్తే అసలే వినరు. నువ్వు తిడతావని భయంతోనైనా కొందరు నింపుకుంటారు." కాసేపు ఆగి ఊపిరి తీసుకున్నాడు. "మా అమ్మాయి ఇంటికి మొదట వెళ్ళు. ఎందుకని అడుగుతుంది. ఏదో ఒకటి చెప్పు, నీకు చెప్పడం వచ్చు. నేను పంపానని మాత్రం చెప్పకు వదినా."