గీత పక్కన లోసా

అమ్మకి మెల్‌బోర్న్‌లో మేముండే క్రెయిగీబర్న్ గాలి పడలేదు. వచ్చిన వారానికే దగ్గు పట్టుకుంది. మందుల షాపులో యూకలిప్టస్ బిళ్ళలు కొనిచ్చాను. ఆ సాయంత్రం ఇద్దరం మైదానం చుట్టూ నడుస్తుంటే, ఆమె చప్పరిస్తున్న బిళ్ళ ఘాటు నన్ను పాత రోజుల్లోకి లాగుతూనే ఉంది. అంతలో మైదానం మధ్యనుంచి ఓ అమ్మాయి గొంతు చించుకుని అరిచింది. "వల! వల!" హెల్మెట్ కిందనుంచి ఎర్రటి జడ వేలాడుతోంది. ఆమె అరుపుతో పదిమంది అమ్మాయిలు వెనక్కి పరిగెత్తి వెడల్పుగా సర్దుకున్నారు. అమ్మ నడక ఆపేసింది. "ఎవరే ఆ పిల్ల? మనోళ్ళ పిల్లనా? వల అని ఒర్రుతున్నది" అంది. కాదమ్మా అన్నాను. ఆ పిల్లెవరో నాకు తెలియదు, నేనూ ఆమెకి తెలియను. తను అరిచిన మాట తెలుగని కూడా ఆమెకి తెలిసి ఉండదు. "మరి గా మాట ఎవరు నేర్పిన్రు?" అని అమ్మ అడిగింది. నేనే అనబోయి ఆగిపోయాను. అది సగమే నిజం. "లోసా అని ఒకామె ఉండేదమ్మా" అన్నాను.

లోసా మా గిడ్డంగిలో షిఫ్టు సూపర్‌వైజర్. హనుమకొండ నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చిన కొత్తలో యూనివర్సిటీకి వెళ్ళని రోజుల్లో నేను అక్కడ పెట్టెలు సర్దేదాన్ని. ఆమె సమోవాలో పుట్టి, పసితనంలోనే మెల్‌బోర్న్ వచ్చి ఇక్కడే పెరిగింది. తలుపు నిండా ఉండే మనిషి. ఎండాకాలంలో కూడా ఉబ్బు జాకెట్టు, దాని జేబు నిండా యూకలిప్టస్ బిళ్ళలు. గొంతు మాత్రం గరగరలాడుతూ ఉండేది. మమ్మల్ని అరిచి అరిచి అలా అయిందని మేం నవ్వుకునేవాళ్ళం. ఒకరోజు సామాను నింపిన ఇనుప బండి ఒకటి ఏటవాలు మీద జారి మా వైపు దూసుకొచ్చింది. అందరూ తలోదిక్కుకి గెంతారు. నేను బడిలో కబడ్డీ ఆడినదాన్ని, మూల కాసేదాన్ని. దూసుకొచ్చేవాళ్ళకి ఎదురెళ్ళకూడదని ఒంటికి తెలుసు. పక్కకి తప్పుకుని, భుజంతో ఒక్క తోపు తోసి బండిని గోడకి ఆనించాను. లోసా వచ్చి నన్నొకసారి, బండినొకసారి చూసింది. తిడుతుందనుకున్నాను. నా నోట్లో ఓ బిళ్ళ పెట్టి, శనివారం ఖాళీయేనా అని అడిగింది.

అలా నేను గ్రిడైరన్‌లో పడ్డాను. అమెరికన్ ఫుట్‌బాల్‌ని ఇక్కడ అలా అంటారు. హెల్మెట్లు, భుజాలకి మెత్తలు, కోడిగుడ్డులాంటి బంతి. బంతి ఉన్న జట్టుకి నాలుగు అవకాశాలు. ఆ నాలుగింటిలో పది గజాలు ముందుకెళ్తే మళ్ళీ నాలుగు వస్తాయి, లేకపోతే బంతి వదులుకోవాలి. ఆ పది గజాలు వెళ్ళనివ్వకపోవడమే మా పని. లోసా శనివారాల్లో ఓ ఆడవాళ్ళ జట్టుకి ఆ అడ్డుకోవడం నేర్పేది. నాతో గది పంచుకునే స్వప్న ఈ సంగతి విని ఒంటికాలి మీద లేచింది. "వీకెండ్ షిఫ్ట్ వదిలేసి గేమ్‌కి పోతవా? బోన్ విరిగితే నీ అసైన్‌మెంట్స్ ఎవరు సబ్మిట్ చేస్తరే?" అంది. ఆమె మాటలో తప్పేం లేదు. కానీ నాకు ఆ మైదానంలో ఒక సుఖం దొరికింది. అక్కడ మాట్లాడనక్కర్లేదు. చిన్నప్పటినుంచీ నాది మెల్లని గొంతు. మెల్లగా మాట్లాడమనే మా ఇంట్లో నేర్పారు. ఇక్కడికొచ్చాక నేను ఏం చెప్పినా ఎదుటివాళ్ళు "సారీ?" అని చెవి ముందుకి పెట్టేవారు. రెండోసారి చెప్పేసరికి నాలో ధైర్యం సగానికి పడిపోయేది, మూడోసారికి నవ్వేసి ఊరుకునేదాన్ని. యూనిలో గ్రూపు పనుల్లో నా ఆలోచనలు వేరేవాళ్ళ నోట్లోంచి బయటికొచ్చేవి. నాకు ఏడుపొచ్చేది.

ఆ ఏడాది మాకు పక్కలో బల్లెం ఒక తెల్ల జెర్సీల జట్టు. వాళ్ళు మమ్మల్ని ఊపిరి సలపనిచ్చేవాళ్ళు కాదు. ఒక్కో అవకాశం అయ్యాక జట్టంతా గుమిగూడి, తర్వాత ఏం చేయాలో మాట్లాడుకోవడం మామూలు. వీళ్ళు గుమిగూడరు. మేం లేచి మోకాళ్ళు దులుపుకునేలోపే వరసలో నిలబడి మళ్ళీ బంతి అందుకునేవాళ్ళు. మేం ఎక్కడ నిలబడాలో చూసుకుంటుండగానే ఎవరో ఒకరు మా వెనకకి వెళ్ళిపోయేవారు. మొదటి మ్యాచ్‌లో మా పరువు గంగలో కలిసింది. అందరం తలలు వేలాడేసుకుని కూర్చుంటే మాలో ఒకామె ఓ ఉపాయం చెప్పింది. ఎవరో ఒకరం దెబ్బ తగిలినట్టు పడిపోతే ఆట ఆగుతుంది, ఊపిరి తీసుకోవచ్చంది. చాలా జట్లు చేసేదేనట. లోసా ఒప్పుకోలేదు. "దొంగగా పడిపోవడం అలవాటైతే, నిజంగా పడిపోయిన రోజు మిమ్మల్నెవరూ నమ్మరు" అంది.

ఆమె పద్ధతి వేరు. వేగంగా వచ్చేవాళ్ళని వేగంతో ఆపలేమనేది. వాళ్ళకి కావలసింది ఒక్క పెద్ద పరుగు. అది మాత్రం ఇవ్వకూడదు. చిన్న చిన్న గజాలు తీసుకుంటే తీసుకోనివ్వాలి, కానీ బంతి ఎప్పుడూ మన కళ్ళముందే ఉండాలి. పట్టుకున్నవాళ్ళని పట్టుకున్నచోటే పడేయాలి. వాళ్ళకి పాయింట్లు రావాలంటే మన వెనకున్న చివరి గీత దాటాలి, కానీ దానికి దగ్గరయ్యేకొద్దీ పరిగెత్తడానికి చోటు తగ్గిపోతుంది, అప్పుడు మన బలం పెరుగుతుంది. పక్క గీత కూడా మన మనిషేనని చెప్పేది. ఎవరైనా అంచున పరిగెత్తుతుంటే మీదపడొద్దు, ఆ గీతవైపు తోస్తూ పోతే గీతే వాళ్ళని ఆపుతుంది, దాని బయట అడుగు పడితే ఆ పరుగు అక్కడితో సరి. ఇదంతా ఆ బండి రోజున నాకు తెలియకుండానే చేశానని అందరి ముందూ అంది. నాకు తల ఎత్తుకోవడం ఎలాగో అప్పుడు కొంచెం తెలిసింది.

ఒకరోజు పని అయ్యాక లోసా నన్ను తన కారులో కూర్చోబెట్టుకుంది. ఆ గరగర అరుపుల వల్ల వచ్చింది కాదట. స్వరపేటికలో జబ్బు. సీజన్ అయ్యాక ఆపరేషన్ చేసి దాన్ని తీసేస్తారట, ఆ తర్వాత ఈ గొంతుండదట. అప్పటిదాకా అరవొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడంది. వాతావరణం గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది. ఆమె చెయ్యి పట్టుకున్నాను. "ఆ తెల్ల జెర్సీలవాళ్ళని ఒక్కసారి ఆపాలి. గొంతు పోయేలోపు అది చూడాలనుంది. నాకు బదులు లోపలుండి నువ్వు అరవాలి" అంది. జట్టు మొత్తంలో ఆ పనికి పనికిరానిదాన్ని నేనేనని, నన్ను వదిలేయమని బతిమాలాను. ఆమె ఇంజన్ ఆన్ చేసింది.

ఆ శనివారం నుంచి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఒక్కో ఎత్తుకీ రెండు మూడు ఇంగ్లిష్ మాటల పేరు. అవి నా నాలుక మీదికి వచ్చేసరికి ఎదుటివాళ్ళు సగం దూరం వెళ్ళిపోయేవాళ్ళు. నేను కళ్ళనీళ్ళతో బయటికొచ్చేశాను. లోసా వెనకే వచ్చి, పసిబిడ్డ పొయ్యి దగ్గరికి పాకుతుంటే నువ్వు ఏ భాషలో అరుస్తావని అడిగింది. తెలుగులో అన్నాను. "మరి మాకూ అందులోనే చెప్పు" అంది. అలా మూడు మాటలు ఎంచుకున్నాం. గోడ అంటే అందరూ ముందుకొచ్చి దారి మూయాలి. వల అంటే వెనక్కి పోయి విసిరిన బంతి కోసం కాచుకోవాలి. తోయి అంటే గీతవైపు తోయాలి. ఆ మూడే చాలంది లోసా, తొందరలో మనిషికి నాలుగోది గుర్తుండదట. పసిఫిక్ దీవులవాళ్ళు, గ్రీకువాళ్ళు, ఇక్కడివాళ్ళు అంతా కలిసి గోడ గోడ అని అరుస్తుంటే మొదట నాకే నవ్వాగలేదు. ఆ నవ్వులోనే నా గొంతు ఎప్పుడు పెరిగిందో నేను గమనించలేదు.

ఆ నెలల్లోనే నా చదువు ముగిసింది. ఉద్యోగానికి ఎక్కడ అడిగినా ఇక్కడి అనుభవం లేదని తిప్పి పంపేవారు. ఒకసారి గిడ్డంగి వెనక కూర్చుని ఫోన్ చూసుకుంటూ ఏడుస్తుంటే లోసా వచ్చి పక్కన చతికిలపడింది. చదివి, ఫోన్ నాకు తిరిగిచ్చి, "నాలుగు గజాలు పోయాయి, అంతే. లేచి మళ్ళీ నీ చోట్లో నిలబడు" అంది. ఓదార్పు మాటలు ఆమెకి రావు. ఇప్పుడు ఒక ఆసుపత్రిలో రికార్డుల విభాగంలో పనిచేస్తున్నాను. పనులన్నీ ఒక్కసారే మీద పడ్డ రోజున, ఈరోజు వదిలేయగలిగినవి ఏవి, వదలకూడని ఒక్కటి ఏది అని నన్ను నేను అడుగుతాను. అడిగేది లోసా గరగర గొంతుతోనే.

ఆఖరి మ్యాచ్ ఆ తెల్ల జెర్సీలతోనే పడింది. మరో వారంలో లోసాకి ఆపరేషన్. మొదటి సగం బాగానే ఆపాం. రెండో సగంలో ఏదో తేడా కొట్టింది. నేను గోడ అంటే వాళ్ళు మా తలలమీదుగా బంతి విసురుతున్నారు, వల అంటే మధ్యలోంచి పరిగెత్తుతున్నారు. ఎంత జనంలోనైనా తెలుగు వినబడితే మన మెడ తిరుగుతుంది కదా. తిరిగి చూస్తే, అంచున ఓ కుర్రాడు మహా ఉత్సాహంగా గంతులేస్తున్నాడు. "గోడ అంటుంది గోడ! వాల్! వాల్!" అని వాళ్ళకి వినబడేలా అరుస్తున్నాడు. మనవాడే. ఆ జట్టులో ఒకమ్మాయి స్నేహితుడట. నాకు కోపం, నవ్వు రెండూ ఒకేసారి వచ్చాయి. పాయింట్లలో మేం కొంచెం ముందున్నాం, ఆట చివరికొచ్చింది, వాళ్ళు మా చివరి గీతకి నాలుగు అడుగులు వేస్తే చేరేంత దగ్గరకొచ్చేశారు. లోసావైపు చూశాను. ఆమె ఆట ఆపించి ఏదో ఒకటి చెబుతుందనుకున్నాను. చేతులు జేబుల్లో పెట్టుకుని గీత పక్కన అలాగే నిలబడి ఉంది. చూపు మాత్రం నామీదే ఉంది.

నేనే రిఫరీని టైమ్ అవుట్ అడిగాను. గట్టిగానే అడిగి ఉంటాను, అతను "సారీ?" అనలేదు. అందరినీ దగ్గరికి పిలిచి, ఇప్పటినుంచి గోడంటే వల, వలంటే గోడ, తోయి మాత్రం తోయేనని చెప్పాను. తిరిగి వెళ్ళి "వల!" అని అరిచాను. కుర్రాడు "నెట్! నెట్!" అని గంతులేశాడు. వాళ్ళు నమ్మి నేరుగా మధ్యలోకి వచ్చి, అక్కడ కాచుకున్న మా అందరికీ గుద్దుకుని ఆగిపోయారు. మళ్ళీ "వల!" అన్నాను. ఈసారి కుర్రాడు నోరు తెరవలేదు, అయినా వాళ్ళు మళ్ళీ మధ్యలోకే వచ్చి ఆగిపోయారు. తర్వాతిసారి "గోడ!" అన్నాను. తలలమీదుగా విసిరారు, అక్కడ మా చెయ్యే అడ్డొచ్చింది. ఇక వాళ్ళకి మిగిలింది ఒక్క అవకాశం. బంతిని వాళ్ళలో అందరికంటే వేగంగా పరిగెత్తే అమ్మాయికిచ్చారు. ఆమె అంచువెంట దూసుకొచ్చింది. "తోయి!" అని అరుస్తూ నేనే పరిగెత్తాను. ఎదురెళ్ళలేదు, మీద పడలేదు. దారి కొంచెం కొంచెం మూసుకుంటూ వెళ్ళి, చివర్లో భుజంతో ఒక్క తోపు తోశాను. ఇద్దరం పక్క గీత దాటి పడ్డాం. నా ముఖం ముందు లోసా బూట్లున్నాయి.

గెలిచామని మావాళ్ళు గంతులేస్తున్నారు. నేను పడుకునే తలెత్తి, ఎందుకు ఒక్క మాటైనా చెప్పలేదని అడిగాను. లోసా మెల్లగా కూర్చుంది. బిళ్ళ వాసన నా ముఖానికి తగిలింది. "నా గొంతు ఇన్నేళ్ళూ విన్నాను. ఇవాళ నీది వినాలనుకున్నాను" అంది. ఆ మాట ఆమె అసలు గొంతుతోనే విన్నాను. ఆ తర్వాత ఆ కుర్రాడొచ్చి తలగోక్కుంటూ, "సారీ అక్కా, వాళ్ళు అడిగిన్రు, నేను ట్రాన్స్‌లేట్ చేసిన. కానీ లాస్ట్‌లో మీరు మీనింగ్ మార్చేసిన్రు, అది అన్‌ఫెయిర్ కదక్కా" అన్నాడు. లోసాకి ఆ ముక్క ఇంగ్లిష్‌లో చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వుకి శబ్దం ఉంది. అది నేను దాచుకున్నాను.

ఆపరేషన్ తర్వాత కూడా ఆమె రెండేళ్ళు మైదానానికి వచ్చింది. మెడకి స్కార్ఫ్ చుట్టుకుని, చేతులు జేబుల్లో పెట్టుకుని గీత పక్కన నిలబడేది. బాగా ఆడితే చప్పట్లు కొట్టేది. ఉద్యోగంలో పడి నేను ఆట మానేసినా, ఆ మూడు మాటలు మాత్రం జట్టులో ఒకరినుంచి ఒకరికి పోతూనే వచ్చాయి. తర్వాత జబ్బు తిరగబెట్టింది. పోయిన చలికాలంలో లోసా వెళ్ళిపోయింది. చర్చిలో వాళ్ళవాళ్ళంతా పుస్తకం చూడకుండా గొంతు కలిపి పాడుతుంటే నేనూ పాడాను. భాష రాకపోయినా గట్టిగానే పాడాను. ఆమె లేదన్నది ఇప్పటికీ నాకు శనివారాల్లోనే ఎక్కువగా తెలుస్తుంది.

ఇదంతా అమ్మకి చెబుతూ మైదానం అంచున నిలబడ్డాను. నా చేతులు జేబుల్లో ఉన్నాయని అప్పుడు గమనించాను. లోపల అవతలి జట్టు పిల్లలు గుమిగూడకుండా గబగబా వరసలోకి వచ్చేశారు. ఎర్ర జడ అమ్మాయి అప్పుడే కింద పడి లేస్తోంది, అరిచే ఊపిరి లేదు. బంతి అందుకున్న పిల్ల మా వైపు అంచు పట్టుకుని దూసుకొస్తోంది. ఆలోచించలేదు. "తోయి!" అని అరిచాను. ఎవరు అరిచారని ఒక్కరూ చూడలేదు. ముగ్గురు పిల్లలు కలిసి ఆమెని గీతవైపు నెట్టుకొచ్చి మా ముందే బయటికి పంపేశారు. పార్కింగ్‌లో ఓ కుక్క మొరిగింది. అమ్మ బిళ్ళ చప్పరించడం మానేసి నావైపు చూసింది.

"గా గొంతు నీదేనా?" అంది.

"నాదేనమ్మా" అన్నాను.