రూతమ్మగారు విప్పించిన పొత్తిళ్లు

కల్లాల్లో మిరపకాయలు ఆరబోశారంటే మా ఊళ్లో గాలి కూడా కారంగా ఉంటుంది. ఈ పొద్దున సబ్‌సెంటర్ తలుపు తీస్తూనే వరసగా నాలుగు తుమ్ములు తుమ్మాను. వెంటనే రూతమ్మగారు గుర్తొచ్చారు. నేను నర్సుగా చేరిన కొత్తలో ఆవిడ మా సూపర్‌వైజర్. "తుమ్ములన్నీ గడప బయటే కానిచ్చి రా అమ్మాయ్, లోపల పసిపిల్లలుంటారు" అనేవారు. నవ్వించకుండా పని నేర్పడం ఆవిడకు చేతకాదు.

ఒకరోజు నా రిజిస్టరు తిరగేస్తూ ఆగారు. ఎనిమిది రోజుల ఆడపిల్ల. పుట్టుకతో వచ్చిన లోపాల గడిలో 'లేవు' అని రాశాను.

"విప్పి చూశావా?"

"పదకొండో రోజు పురుడు కాకుండా విప్పితే దిష్టి తగులుతుందని నాయనమ్మ ఒప్పుకోలేదు మేడమ్. మొహం చక్కగా ఉంది."

"అయితే మొహానికి లేవు అని రాయాల్సింది. పద."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ ఇంట్లో నాయనమ్మ సుబ్బాయమ్మ పిల్లను ఒళ్లోంచి దించలేదు. రూతమ్మగారు వాదించకుండా ఎదురుగా చతికిలబడ్డారు. "నేను ముట్టుకోను పెద్దమ్మా, నువ్వే విప్పు. ఒక్కొక్కటీ చూసి మెచ్చుకుందాం." తల బంగారం, పెదవి బంగారం, వేళ్లు పదీ బంగారం. నాలుగో మాటకి సుబ్బాయమ్మ కూడా గొంతు కలిపింది. పాదాల దగ్గరకొచ్చేసరికి ఆమె గబుక్కున గుడ్డ కప్పబోయింది. రెండూ లోపలికి వంకర తిరిగి ఉన్నాయి.

"రాయబాకమ్మా! కుంటిపిల్లని ఊరంతా అంటారు."

"సిగ్గుపడి లోపలికి తిరిగాయంతే. లేత పాదాలు, ఇప్పుడైతే వారం వారం పిండికట్టు మార్చి సరిచేస్తారు. రాయకపోతే పెద్దాసుపత్రికి ఈ పిల్ల ఉన్నట్టే తెలీదు. ఇవాళ దాస్తావు సరే, రేపు నడిచేటప్పుడు దాచగలవా?"

సుబ్బాయమ్మ చాలాసేపు ఆ పాదాలు నిమిరింది. "రాసుకోండి" అంది చివరికి. నేను 'లేవు' కొట్టేసి రాశాను. పక్కన నాచేత సంతకం కూడా పెట్టించారు రూతమ్మగారు.

పిండికట్లయ్యాయి, ప్రత్యేకమైన బూట్లయ్యాయి. ఆ పిల్ల ఇప్పుడు బడికి నడవదు, పరిగెడుతుంది. రూతమ్మగారు రిటైరై మంగళగిరిలో కూతురి దగ్గర ఉంటున్నారు. నేను మాత్రం ఆ తర్వాత ఏ బిడ్డనూ విప్పి చూడకుండా ఆ గడి నింపలేదు.

మొన్న సుబ్బాయమ్మకు రెండో మనవరాలు పుట్టింది. కబురందుకుని వెళ్లి చేతులు కడుక్కుంటున్నాను, వెనక్కి తిరిగేలోపే పొత్తిళ్లు విప్పేసి కూర్చుంది.

"ముందు పాదాలు చూడు నర్సమ్మా!"

"తల నుంచే మొదలుపెడదాం పెద్దమ్మా" అన్నాను.

"తల బంగారం" అంది సుబ్బాయమ్మ, నాకంటే ముందే.