ఒక రోజు కలిపితే పోటు రాదు

అవనిగడ్డ దిగువన, ఉప్పుకాలవ పక్కన ఒక రొయ్యల చెరువుకి తూము కాపలా నాది. పోటు మీద, సముద్రం కాలవలోకి ఎక్కినప్పుడు తూముకి అడ్డున్న పలక ఎత్తితే చెరువు నిండుతుంది. పాటులో, సముద్రం వెనక్కి తీసేటప్పుడు ఎత్తితే ఉన్న నీళ్లూ పోతాయి. నాకొచ్చిన చదువంతా ఇదే. బడి నన్ను ఏడో తరగతిలోనే వదిలించుకుంది.

బందరులో ఉండే మా ఆసామికి గుడివాడ అల్లుడు దొరికాడు. కంప్యూటర్లో ప్రోగ్రాములు రాస్తాడట. ఆ రోజు పోటు ఎన్నింటికని నన్నే అడిగి ఫోన్లో కొట్టాడు. పొద్దున తొమ్మిదీ పది.

"ఇంక రోజూ ఇదే గంట కొడుతుంది. పలక ఎవరైనా ఎత్తుతారు. దీనికి ప్రత్యేకంగా మనిషెందుకు మావయ్యగారూ?" అన్నాడు, నా మొహం మీదే.

"రోజూ అదే టైముకి ఎలాగండీ అల్లుడుగారూ?"

"తేదీకి ఒక రోజు కలిపాను. రేపు వస్తుంది కదా!"

"రేపు వస్తుందండీ, నీళ్లు రావు. పోటు రోజుకి రెండు గడియలు వెనక్కి జరుగుతుంది. ఇంకో నలభై ఎనిమిది నిమిషాలు కలపండి."

"ఏడో క్లాసు లెక్కలు నాకొద్దు."

ఆసామి నవ్వాడు. "వారం చూద్దాం, ఫోను ఇక్కడే ఉంటుంది. పనిచేస్తే నువ్వు వేరే పని చూసుకో."

రెండు రోజులు గంట కాస్త అటూఇటూగా నెట్టుకొచ్చింది. ఆ తర్వాత అది కొట్టినా నేను నా టైముకే ఎత్తాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే వినే రకాలా?

ఎనిమిదో రోజు మామా అల్లుళ్లు కార్లో దిగారు. తొమ్మిదీ పదికి గంట కొట్టింది. కాలవలో నీళ్లు అడుగంటాయి, బురద మీద ఎండ్రకాయలు షికారు చేస్తున్నాయి.

"ఎత్తు."

"ఎత్తను."

అల్లుడు తనే ఎత్తాడు. చెరువు నీళ్లు రొయ్యలతో సహా భళ్లున కాలవలో పడ్డాయి. నేను చేతులు కట్టుకుని ఒకటి నుంచి పది దాకా నిదానంగా లెక్కపెట్టి, అప్పుడు పలక దించాను. ఆ పది అంకెలకీ ఇప్పటికీ సిగ్గుపడను.

"నువ్వు టైము తప్పు చెప్పావు!" అని అరిచాడు అల్లుడు. ఆసామి కాలవ వంకా, అల్లుడి వంకా చూసి, "తూము దగ్గర వీడే ఉంటాడు, పద" అన్నాడు.

కారెక్కబోతూ అల్లుడు గొంతు తగ్గించాడు. "ఎన్ని నిమిషాలన్నావ్?"

"గుర్తులేదండీ. ఏడో క్లాసు కదా."

ఫోను నా దగ్గరే వదిలేశారు. ఇప్పటికీ తొమ్మిదీ పదికి మోగుతుంది. పక్షానికోసారి పోటు తిరిగి ఆ టైముకే వస్తుంది, పాపం. ఆ రోజు మాత్రం నేను పావుగంట ముందే ఎత్తేస్తాను. ఆ మంచిపేరు కూడా దానికి దక్కనివ్వను.