నీలంలో ముంచిన వేళ్ళు

పొద్దున పది గంటలు. ఎనభై మూడు జనవరి. మబ్బు పట్టి ఉంది, ఎండ మొఖం ఇంకా చూడలేదు. కప్పుకున్న కంబళిలోకి కూడా చలి దూరుతోంది. రాత్రి తాగిన జొన్న గటుక ఎప్పుడో అరిగిపోయి నా కడుపు నకనకలాడుతోంది.

కొత్తవాడ బడి ముందు ఓట్ల లైన్‌లో రామలింగం నిలబడి ఉన్నాడు. ఆయన వెనక నేను. ఏడింటికే వచ్చినా మా ముందు ఇంకా ముప్ఫై మంది ఉన్నారు. లైన్ కదలడం లేదు. మగ్గం మీద పని ఆగిపోతుందంటూ పార్టీ వాళ్ళు ఐదుగురినీ పదిమందినీ పక్క తలుపులో నుంచి లోపలికి పంపుతున్నారు. గేటు బయట ఎవరో మిర్చీలు వేస్తున్నారు. ఆ వాసనకు నిలబడలేక, నాలుగు తినివద్దాం పద అన్నాను. ఆయన తల కూడా తిప్పలేదు.

"నువ్వు తినిరాపో సారయ్యా. నీ జాగ నేను పట్టుంచుత," అన్నాడు.

ఆయన రాడని నాకు తెలుసు. ఓటు వేసేదాకా మంచినీళ్ళు కూడా ముట్టడు. డెబ్భై రెండు నుంచి చూస్తున్నాను. ఏ దేవుడికీ ఆయన ఒక్కపొద్దు ఉన్నది లేదు. ఓటుకు మాత్రం ఉండేవాడు.

రామలింగం కొత్తవాడ నేత సొసైటీలో అద్దకం మేస్త్రీ. జంపఖానాలు నేసే నూలుకు రంగు వేసే షెడ్డు ఆయన చేతి కింద ఉండేది. నేను మూడో తరగతిలో బడి మాని హమాలీ పనిలో పడ్డవాణ్ణి. ఆ షెడ్డుకు నూలు బేళ్ళు మోసేవాణ్ణి. లోపల ఏడు సిమెంటు తొట్లు ఉండేవి. నీలం తొట్టి దగ్గరకు మాత్రం ఆయన ఎవరినీ రానిచ్చేవాడు కాదు. వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, మందు సరిపోయిందో లేదో చెప్పేవాడు. అందులో ముంచి తీసిన నూలు ముందు ఆకుపచ్చగా ఉంటుంది. గాలి తగిలిన కొద్దీ నీలం అవుతుంది. మొదటిసారి చూసినప్పుడు రంగు తప్పిందనుకుని ఆయనను కేకేశాను. జర గాలి తాగనియ్యి అని నవ్వాడు.

ఆయన చేతులు మోచేతుల దాకా నీలమే. ఎంత రుద్దినా పోదు. పెళ్ళిళ్ళలో తెలియనివాళ్ళు ఆయన పక్కన విస్తరి వేసుకోవడానికి జంకేవారు. ఆయన భార్య భద్రమ్మ, ఈ మనిషి కలిపిన అన్నం కాకులు కూడా ముట్టవని ఎగతాళి చేసేది. ఆయన ఆ చేతులను దాచుకోవడం నేను చూడలేదు.

ఆ షెడ్డు కట్టించింది అప్పుడు ఏలుతున్న పాత పార్టీ. అందుకే అప్పట్లో ఆయన ఓటు అటే. మనకు పని చూపించిండ్రు గదా అనేవాడు. అంతకు మించి రాజకీయం మాట్లాడేవాడు కాదు.

డెబ్భై ఏడు వచ్చేసరికి సొసైటీకి నూలు తగ్గిపోయింది. మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. నేతవాళ్ళు కొందరు భీవండికి, కొందరు షోలాపూర్‌కు మిల్లు పనికి పోయారు. షెడ్డులో వారానికి రెండు రోజులు పని దొరికితే గొప్ప. నలభై ఏళ్ళు దాటినంక భీవండిలో తనకు ఎవరు పని ఇస్తారని రామలింగం భయం. ఇంకే పనీ రాదు ఆయనకు. షెడ్డు నడవాలి, అంతే. ఆయన కోరిక అదొక్కటే.

మరుసటి ఏడాది ఎలక్షన్లు వచ్చాయి. ఓట్లకు ఒకరోజు ముందు మధ్యాహ్నం వెంకట్రాజం షెడ్డుకు వచ్చాడు. నూలు వ్యాపారి కొడుకు. పాత పార్టీకి మా వాడలో ఆయన మాటే మాట. భీవండికి, షోలాపూర్‌కు పోయినవాళ్ళ పేర్లు ఓట్ల లిస్టులో అలాగే ఉన్నాయి. ఆ ఓట్లు వేయడానికి మనుషులు కూడా సిద్ధంగా ఉన్నారు. చిక్కంతా వేలికి పెట్టే సిరాతో వచ్చింది. ఒకసారి పెడితే నెల దాకా పోదు. కానీ నీలం పట్టిన వేలి మీద సిరా కనిపించదు. మేం అద్దకం వాళ్ళం సారూ అంటే కొత్తవాడలో ఎవరు కాదంటారు? అందుకని ఒకసారి ఓటు వేసి వచ్చినవాళ్ళ చేతులు తొట్టిలో ముంచనివ్వమని అడిగాడు.

రామలింగం ముందు వద్దన్నాడు. అది నూలు ముంచే తొట్టి అన్నాడు. వెంకట్రాజం కోప్పడలేదు. మా మనిషి గెలిస్తే నూలు వస్తుంది, షెడ్డు ఆరు రోజులూ నడుస్తుంది, గెలవకపోతే తాళమే అని నిదానంగా చెప్పాడు. రామలింగం తొట్టి గట్టు మీద కూర్చుండిపోయాడు. తర్వాత లేచి నీలం తొట్టి మీది మూత తీశాడు.

మర్నాడు మనుషులు గుంపులుగా వచ్చారు. చేతులు ముంచి, నీలం అయ్యేదాకా గాలిలో ఊపుకుంటూ నిలబడ్డారు. ఒకరినొకరు చూసి నవ్వుకున్నారు. నేను కూడా ముంచాను. నా ఓటు వేశాక, షోలాపూర్‌కు పోయిన నా దోస్తు పేరు మీద ఇంకోటి వేశాను. రామలింగం ఒక్కటే వేశాడు. ఆ రోజు ఓటు వేసి వచ్చినా పొద్దుగూకే దాకా అన్నం ముట్టలేదని భద్రమ్మ తర్వాత చెప్పింది.

వాళ్ళ మనిషి గెలిచాడు. నూలు రాలేదు. రామలింగం హన్మకొండలో ఉన్న ఆ ఎమ్మెల్యే ఇంటికి నాలుగు సార్లు నడిచిపోయాడు. ఒకసారి సారు హైదరాబాద్‌లో ఉన్నాడన్నారు. ఒకసారి పడుకున్నాడన్నారు. నాలుగోసారి నువ్వెవరివని అడిగారు. వెంకట్రాజం కనపడ్డప్పుడల్లా పైనుంచి కాయితం రావాలనేవాడు. ఆ వానకాలం దాటేలోపు షెడ్డుకు తాళం పడింది. సొసైటీలో రెండు వర్గాల కొట్లాట తేలేదాకా తీయరని చెప్పారు.

రామలింగం ఇంటి వాకిట్లో ఒక పెద్ద మట్టి గోలెం పాతుకుని, అందులో నీలం కలిపి చిన్న చిన్న నేతవాళ్ళకు రంగు వేసి ఇచ్చేవాడు. దాంతో ఒక పూట గడిచేది. పొద్దున బజారుకు పోయేటప్పుడు షెడ్డు వైపు నుంచే పోయేవాడు. తాళాన్ని ఒకసారి పట్టుకుని చూసేవాడు. నేను హమాలీ పనికి మార్కెట్‌కు మారాను.

ఎనభై రెండులో కొత్త పార్టీ వచ్చింది. వాడంతా ఊగిపోయింది. రామలింగం మీటింగుకు నడిచిపోయి, గొంతు పోగొట్టుకుని వచ్చాడు. వీళ్ళ మీద అంత నమ్మకం ఏందన్నా అని అడిగాను.

"కొత్తోళ్ళు గద తమ్మీ. వీళ్ళకింకా అబద్దాలు రావు," అన్నాడు.

ఓట్లకు రెండు రోజుల ముందు ఆ కొత్త పార్టీ కండువా వేసుకుని ఆయన వాకిట్లోకి వచ్చిన మనిషి వెంకట్రాజం. నేను అప్పుడు అక్కడే ఉన్నాను. రామలింగం ఆ కండువా వైపు, ఆ మొఖం వైపు మార్చి మార్చి చూశాడు. వెంకట్రాజం గోలెం వైపు చూశాడు. అడిగింది పాత మాటే. ఈసారి గెలిస్తే మొదటి పని షెడ్డు తాళం తీయడమే అన్నాడు.

"మీ పార్టీకే ఏస్త సేటు. ఒక్కటే ఏస్త. నా గోలెం మాత్రం ముట్టొద్దు," అన్నాడు రామలింగం.

"ఒక్క ఓటుకు తాళం ఊడుతదా, రామలింగం?" అని వెంకట్రాజం నవ్వుతూ వెళ్ళిపోయాడు.

భద్రమ్మ తలుపు వెనక నిలబడి ఇదంతా విన్నది.

లైన్‌లో మా వంతు వచ్చేసరికి పదకొండు దాటింది. లోపల ఒక సారు లిస్టులో పేరు వెతికి, వేలు పెట్టి చూసి, ఈ ఓటు పడిపోయిందన్నాడు. రామలింగానికి అర్థం కాలేదు. రామలింగం అంటే నేనే సారూ అన్నాడు. సారు ఆయన చేతుల వైపు చూశాడు. ఇట్లాంటి చేతులతోనే ఒకాయన ఇందాక వచ్చి వేసిపోయాడు అన్నాడు. చలికి కంబళిలో చేతులు దాచుకుని పక్క తలుపులో నుంచి పోయినవాళ్ళు అప్పుడు నాకు గుర్తుకొచ్చారు.

రెండు పార్టీల ఏజెంట్లూ ఒకే బెంచీ మీద కూర్చుని ఉన్నారు. ఇద్దరూ మా వాడవాళ్ళే. రామలింగం ఎవరో ఇద్దరికీ తెలుసు. ఆయన వాళ్ళ వైపు తిరిగి చూశాడు. ఒకడు బీడీ కట్ట తీసి రెండోవానికి ఇచ్చాడు. 

సారు మంచివాడే. ఇంకో అధికారిని అడిగి, ఒక ఓటు కాయితం ఇచ్చాడు. దీని మీద ముద్ర వేసి నా చేతికే ఇవ్వాలి, డబ్బాలో వేయకూడదు, వేరే కవర్లో పెడతాం అన్నాడు.

"ఇది లెక్కపెడతరా సారూ?"

"పెట్టరు. ఎవరైనా కోర్టుకు పోతే తప్ప ఆ కవరు తెరవరు."

రామలింగం అయినా చాటుకు పోయాడు. ముద్ర వేశాడు. సిరా అంటకుండా నిదానంగా మడతపెట్టి సారు చేతిలో పెట్టాడు. కవర్లోకి పోయేదాకా చూసి బయటకు వచ్చాడు. నేను ఓటు వేసి పరుగెత్తి ఆయనను కలుసుకున్నాను. మిర్చీల బండి దాటాం. ఆయన ఆగలేదు.

ఇంటి వాకిట్లో గోలెం మూత పక్కన పడి ఉంది. బండల మీద నీలం చుక్కలు గేటు దాకా ఉన్నాయి. భద్రమ్మ గడపలో కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవలేదు.

"నేనే తీసిచ్చిన," అన్నది. "తాళం తీస్తమన్నడు. నువ్వు ఒక్కపొద్దులుంటె తీస్తరా?"

రామలింగం మూత ఎత్తి గోలెం మీద పెట్టాడు. దాని మీద చెయ్యి అలాగే ఉంచి, "నా ఓటు గూడ ఏసిండ్రు భద్రా," అన్నాడు.

ఆమెకు అది తెలియదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆ మాట ఎత్తగా నేను వినలేదు. ఎక్కువగా ఏ మాటా వినలేదు.

కొత్త పార్టీ గెలిచింది. వెంకట్రాజం ఇప్పుడు సొసైటీకి పెద్ద. రామలింగం ఈసారి ఎవరి ఇంటికీ పోలేదు. షెడ్డు వైపు నుంచి పోవడం మాత్రం మానలేదు. ఆరు నెలలు పోయాయి. సంవత్సరం పోయింది. మిల్లు రంగుల నూలు బజారులో చవకగా వస్తుండటంతో గోలెం దగ్గరకు వచ్చేవాళ్ళు కూడా తగ్గారు.

ఎనభై నాలుగు ఎండాకాలంలో ఒక పొద్దున షెడ్డు తాళం తీశారు. మార్కెట్‌లో నాకు పని లేని రోజు అది. వెంకట్రాజం మనిషి వచ్చి మమ్మల్ని నలుగురిని పనికి పిలిచాడు. పోయాక తెలిసింది, షెడ్డును సిమెంటు గోదాము చేస్తున్నారు. ఏజెన్సీ పాత పార్టీ లీడరు బామ్మర్దిది. షెడ్డు కిరాయికి ఇచ్చింది వెంకట్రాజం. ఇద్దరూ బయట కుర్చీలు వేసుకుని ఒకే సీసాలోని సోడా పంచుకుంటున్నారు. బస్తాలు పేర్చడానికి నేల చదును కావాలి, తొట్లు పగలగొట్టమన్నారు. నేను గడ్డపార తీసుకున్నాను. వద్దనవచ్చు. అనలేదు.

నీలం తొట్టి దగ్గరకు వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఒక గోడ కూలింది. లోపలి సిమెంటు నాలుగు వేళ్ళ లోతు దాకా నీలం పట్టి ఉంది. తాళం తీశారని ఎవరో చెప్పినట్టున్నారు, రామలింగం వేగంగా నడుచుకుంటూ వచ్చాడు. తలకు నీళ్ళు పోసుకుని, ఉతికిన అంగీ వేసుకుని వచ్చాడు. బయట కూర్చున్న ఇద్దరినీ దాటి షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు.

అన్నా అన్నాను. ఆయన నా వైపు చూడలేదు. తొట్టి వైపు చూశాడు, మిగిలిన తొట్ల వైపు చూశాడు. వెంకట్రాజం బయట నుంచి ఏదో అడిగాడు. రామలింగం బయటకు వచ్చాడు. వచ్చిన దారిన కాకుండా రైలు స్టేషన్‌కు పోయే రోడ్డు వైపు తిరిగాడు. నేను వెనక పోదామనుకున్నాను. ఇంకా మూడు తొట్లు మిగిలి ఉన్నాయని పని చేయిస్తున్న వెంకట్రాజం మనిషి అరిచాడు. మళ్ళీ గడ్డపార ఎత్తాను.

పొద్దుగూకాక భద్రమ్మ మా ఇంటికి వచ్చింది. ఆయన ఇంకా రాలేదన్నది. ఒంటి మీది బట్టలు తప్ప ఏమీ తీసుకుపోలేదన్నది.

"నీతోనన్న ఏమన్న చెప్పిండా తమ్మీ?"

ఏమీ చెప్పలేదన్నాను.