చేపలకు అంబలి మర్యాద

రాస్తున్నావా గుంటా? అయితే మొదటి ముక్క ఇలా పెట్టు: ఒక్క గరిటెతో సముద్రాన్ని పాడుచేసిన మనిషిని నేను. నవ్వకు, నవ్వితే అక్షరాలు వంకర పోతాయి.

మీ తాత అరకులో సైన్సు మాస్టారుగా చేసే రోజులవి, తొంభైల చివర. విశాఖ వెళ్తే ఎవరైనా పెళ్ళానికి చీర తెస్తారు. ఈయన కిరండోల్ రైల్లో క్యాన్లకి క్యాన్లు సముద్రపు నీళ్ళు తెచ్చాడు. గాజు తొట్టెలో పోసి, తెల్ల చారల నారింజరంగు చేపలు రెండు, ఒక పగడపు ముక్క పెట్టాడు. నేను దాన్ని రాయి అనుకున్నాను. కాదట, ప్రాణమున్నదట. చిన్నచిన్న వేళ్ళలాంటివి బయటపెట్టి ఊపేది. రోజూ ఆ నీళ్ళు సీసాలోకి తీసి, చుక్కల మందు వేసి, తేలిన రంగు చూసి నిట్టూర్చేవాడు. నాకు జ్వరమొస్తే మాత్రం నుదురు ముట్టుకుని ఎరగడు.

ఓసారి రెండు రోజుల ట్రైనింగుకి విశాఖ వెళ్తూ ఆ తొట్టె నాకు అప్పగించాడు.

"పగడం పెరగాలంటే సున్నం కావాల. ఈ కుండలో సున్నం కలిపి తేరబెట్టాను. రోజూ పొద్దున్న పైన తేరిన పైతేట ఒక గ్లాసు తీసి, ఈ సెలైను గొట్టంతో చుక్కచుక్కగా వదులు. అడుగు మాత్రం కదపకు."

"ఇంటిల్లిపాదికీ వొండి పెడతన్నాను, రెండు సేపలకి నీళ్ళు పొయ్యలేనేటి?"

"అదే నా బయం. తెలిసిపోయిందనుకుంటే నువ్వు ఆగవు. ఆ పగడం పోతే నాకు మళ్ళీ దొరకదే."

రెండు రోజులు బుద్ధిగా చేశాను. మూడో రోజు పొద్దున్న, కొండ మీంచి మాకు అంబలికి చోళ్ళు తెచ్చే సోంబారమ్మ వచ్చి నా పక్కనే చతికిలబడింది.

"ఏటి సేత్తన్నావమ్మా?"

"సేపలకి సున్నం నీళ్ళు."

"పైతేటే పోత్తన్నావేటి? సిక్కదనమంతా అడుగునే ఉండిపోనాది."

"మాస్టారు అలాగే పొయ్యమన్నారే."

"మగోళ్ళకేటి తెలుస్తాది. మాకాడ సుట్టమొత్తే కుండ అడుగుదాకా కలిపి అంబలి పోత్తాం. పైతేట పోసినోళ్ళింటికి మళ్ళీ ఎవులూ రారు."

చూశావా, ఎక్కడ పొడిచిందో. మా ఇంట్లో పైతేట తాగి వెళ్ళిన చుట్టం లేడు. సముద్రం నుంచి ఇంత దూరం వచ్చిన జీవాలకా నేను పిసినారితనం చూపించేది? గరిటె పెట్టి అడుగుదాకా కలిపాను. ఆ చిక్కదనానికి గొట్టం పూడుకుపోయింది. అప్పుడైనా ఆగాలి కదా? ఆగితే నేనెందుకవుతాను. గ్లాసు ఎత్తి గుమ్మరించాను. కొసరు మర్యాదగా ఇంకో గ్లాసు.

తొట్టె వెల్ల వేసిన గోడయిపోయింది. చేపలు లేవు, పగడం లేదు.

"సేపలేవే?" అన్నాను దాంతో.

"కడుపు నిండి తొంగున్నాయేమో."

"నీ నోట్లో మన్నెయ్య, బేగి ఆ క్యాను ఇలా తే."

మంచం కింద మిగిలిన సముద్రపు నీళ్ళ క్యానుంది. చేతికి దొరికింది అంబలి కుండ. గబగబా కడిగి, ఆ నీళ్ళు నింపి, తొట్టెలో తడిమి తడిమి రెండు చేపల్నీ పట్టి అందులో వేశాను. పగడాన్నీ వేశాను. వేళ్ళు ముడుచుకుని నిజంగానే రాయిలా ఉంది. వంటింట్లో కుండ మీద మూత, తొట్టె మీద దుప్పటి. సోంబారమ్మ మెల్లిగా జారుకుంది.

మధ్యాహ్నం రైలు దిగి మీ తాత రానే వచ్చాడు.

"ఆ దుప్పటేటి?"

"సలి కదండీ. సేపలకి."

ఆయన నన్నొకసారి చూశాడు. ఆకలి మీదున్నాడు, నేరుగా వంటింట్లోకి నడిచాడు.

"అంబలుందేటి?"

నేను నోరు తెరిచేలోపే మూత తీయకుండా వారగా జరిపి, గరిటె దూర్చి, అడుగుదాకా బాగా కలిపి గ్లాసులో పోసుకున్నాడు. ఒక గుక్క తాగాడు. ఉప్పు. గ్లాసులోకి చూశాడు. గ్లాసులోంచి నారింజరంగు చేప ఆయన్ని చూసింది.

"ఇదేటే?"

"అడుగు కదపకూడదండీ," అన్నాను.

చేపలు బతికాయి. పగడం మళ్ళీ వేళ్ళు తెరవలేదు. మీ తాత వారం రోజులు దాన్ని చూశాడు, నన్ను చూడలేదు.

ఇది పెద్ద అక్షరాలతో రాయవే: మా అంబలి కుండ మీద ఒట్టు, బతికుండగా ఏ చేపకీ చుట్టపు మర్యాద చెయ్యను. అవి వచ్చి నన్ను పిసినారిదన్నా సరే, పైతేటే పోస్తాను.