లెక్కకు రాని ఒక్కపొద్దు

2023 రంజాన్ నెల. సౌదీలో హాయిల్ ఊరి చివర, కూరగాయల తోటలకు వెళ్లే దారిలో ఉన్న ఒక ప్రైవేటు క్లినిక్‌లో నేను నర్సును. మాది మదనపల్లె. మా ఆయన అక్కడికి దూరాన యాన్బు ఊళ్లో రిఫైనరీ టెక్నీషియన్, సెలవు దొరికినప్పుడు వచ్చి వెళ్తుంటాడు. ఇంట్లో నాకు తోడు పుస్తకాలే. ఆ ఏడు నేను డాక్టర్ ఆఫ్ నర్సింగ్ ప్రాక్టీస్ అనే చదువు సగంలో ఉన్నాను.

ఆ డిగ్రీ పూర్తయితే ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ అవుతాను. అంటే పసిబిడ్డ నుంచి ముసలివాళ్ల దాకా ఇంటిల్లిపాదినీ తానే పరీక్షించి, జబ్బు తేల్చి, మందు రాసే అధికారం ఉన్న నర్సు. మా చుట్టాలు "నర్సు డాక్టరెట్లయితాది?" అని నవ్వేవాళ్లు. నవ్వనీ అనుకున్నాను. పాఠాలు ఒక విదేశీ యూనివర్సిటీవి, కంప్యూటర్‌లో వినేదాన్ని. క్లినికల్ అవర్స్, అంటే రోగులను చూస్తూ నేర్చుకోవాల్సిన గంటలు, మా క్లినిక్ డాక్టరుగారి దగ్గర చేసేదాన్ని. ఆయన నా ప్రిసెప్టర్, పక్కన నిలబెట్టుకుని పని నేర్పే గురువు. చెడ్డమనిషి కాదు. ఎవరి మాటా చివరిదాకా వినే తీరిక లేని మనిషి.

ఆ గంటల్లో నాకు అప్పగించిన షుగర్ రోగి గంగారాం. జగిత్యాల పక్క పల్లె. గ్రీన్‌హౌస్‌లో టమాటా, దోస పని. బండెడు మూటలు ఎత్తేవాడు కానీ సూది చూస్తే కళ్లు మూసుకునేవాడు. పొట్ట మీద ఇన్సులిన్ పొడుచుకోవడం నేర్పేసరికి నా తాతలు దిగివచ్చారు.

"మా అవ్వ సుత నన్ను గింత బెదిరియ్యలె చెల్లె" అన్నాడొకసారి.

"బెదిరిచ్చకపోతే నువ్వు వింటావా అన్నా? ఒక్క పొద్దు గూడా మానుకోవద్దు" అన్నాను.

విన్నాడు. చలికాలం వెళ్లేసరికి షుగర్ దారికొచ్చింది. కాలి పుండు మానింది. తోటలో దోసకాయలు సంచెడు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. నేను పుస్తకాల్లో చదువుతున్నది ఒక మనిషి ఒంట్లో పనిచేయడం చూసి పొంగిపోయాను.

రంజాన్‌కు ముందు షుగర్ రోగులకు మేము రంజాన్ కౌన్సెలింగ్ చేస్తాం. పగలు తిండి ఉండదు కాబట్టి పొద్దుటి పెద్ద మోతాదును సాయంత్రం ఇఫ్తార్‌కు మార్చి, రాత్రి వేసుకునే చిన్న మోతాదును సగం చేసి తెల్లవారుజామున సహరీ భోజనానికి ఇస్తారు. దీనికి రోగులను పేర్లు చూసి పిలుస్తారు. గంగారాం పేరును ఎవరూ పిలవలేదు. హిందువుకు రోజా ఉపవాసం ఏమిటి? రంజాన్ మొదటి వారంలో మామూలుగా మందు తీసుకోవడానికి తనే వచ్చాడు.

"తిండి ఎట్ల జరుగుతాండాది అన్నా?" అని అడిగాను.

"రెండు పూటలే చెల్లె. పొద్దుగూకినంక ఒకపారి, తెల్లారకముందు ఒకపారి. నడుమ మెస్సుల పొయ్యి ముట్టియ్యరు. మా గదిల నేనొక్కన్నే హిందువును."

"మరి సూది?"

"నువ్వు జెప్పినట్టే. పొద్దుగాల ఏడింటికి. ఒక్క దినం సుత ఇడ్వలె."

ఏడింటికి ఇన్సులిన్ ఒంట్లోకి పోతే, మళ్లీ మెతుకు పడేది పొద్దు గూకాకే. "నీకు ఒక్కపొద్దు లేదు గదన్నా, ఒక రొట్టె దాపెట్టుకోని తినొచ్చు గదా" అన్నాను.

"ఆళ్లు గూడ తిను భాయ్ అంటరు. కని ఆళ్లు నీళ్లు సుత ముట్టకుంట పని జేస్తుంటే, నేను మూలకు కూసొని ఎట్ల తింట చెల్లె? బుక్క దిగది."

అతన్ని కూర్చోబెట్టి డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. ఇతను కూడా రోజా ఉన్నట్టే లెక్క, మోతాదు మార్చాలి అన్నాను.

"రోజా ఉన్నాడా?"

"లేడు సర్. కానీ పగలు తినడం లేదు."

"లేకపోతే మార్చడం దేనికి? తినమని చెప్పు సిస్టర్."

మళ్లీ చెప్పాను. ఎంత మార్చాలో కూడా చెప్పాను. ఆయన తలెత్తి నవ్వాడు. "ముందు ప్రాక్టీషనర్ అవ్వు. తర్వాత రాద్దువు గానీ" అన్నాడు. డ్యూటీ అయ్యాక ఇంకోసారి వెళ్లాను. వచ్చే నెల రిపోర్టు చూసి ఆలోచిద్దాం అన్నాడు. నర్సు తనంతట తాను ఒక్క యూనిట్ కూడా మార్చకూడదు. ఆ నియమం మంచిదే. రోగిని కాపాడటానికే పెట్టారు. ఆ రోజు మాత్రం నా పని అడకత్తెరలో పోకచెక్క అయింది.

గంగారాం జేబులో ఖర్జూరాలు పోశాను. చెమట పట్టినా, చెయ్యి వణికినా వెంటనే నోట్లో వేసుకోమన్నాను. "అట్లనే చెల్లె" అన్నాడు. వేసుకోడని నాకు ఆ ముఖం చూస్తేనే తెలిసింది.

రంజాన్ సగంలో ఒక మధ్యాహ్నం అతన్ని పికప్ వెనకాల వేసుకుని వచ్చారు. గ్లూకోమీటర్ అంకె చూపలేదు, Lo అని మాత్రమే చూపింది. అంటే కొలవలేనంత తక్కువ. నరం దొరికించుకుని డెక్స్‌ట్రోజ్, అదే గ్లూకోజు మందు, ఎక్కించాను. షుగర్ లేచింది. మనిషి లేవలేదు.

తోట ఫోర్‌మన్ పాకిస్తానీ. పెద్దవాడు. గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "సో రహా హై సమఝ్‌కే చాదర్ ఓఢాయా, సిస్టర్" అన్నాడు.

రంజాన్‌లో పొద్దుటి పని అవగానే అందరూ ఎక్కడివాళ్లక్కడ నడుం వాలుస్తారు. గంగారాం కూడా అలాగే పడుకున్నాడనుకున్నారు. ఈగలు ముసురుతుంటే జాలిపడి దుప్పటి కప్పారు. రెండు వారాలుగా వాళ్ల ఎదుట ముద్ద మింగలేని మనిషికి వాళ్లు చేసిన మర్యాద అది. దాని కింద అతని మెదడు ఎంతసేపు ఆకలితో మాడిందో ఎవరూ చెప్పలేకపోయారు.

పెద్దాసుపత్రికి పంపాం. పండగ అయ్యాక కళ్లు తెరిచాడు కానీ ఎవరినీ గుర్తుపట్టలేదు. డాక్టరుగారు నాతో అన్నది ఒక్కటే: "తినమని చెప్పాం కదా సిస్టర్." నిజమే, చెప్పాం. కఫీల్, అంటే పనికి తెచ్చుకున్న యజమాని, ఫైనల్ ఎగ్జిట్, అదే మళ్లీ రానక్కర్లేని వీసా ముద్ర, వేయించి, ఒక తెలిసినవాడిని తోడిచ్చి ఊరికి పంపాడు.

ఆ కేసును నా కోర్సు సెమినార్‌లో చెప్పాను. ప్రొఫెసర్ మెచ్చుకుంది, మంచి మార్కులు వేసింది. ఆ మార్కులు చూస్తే నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ రాత్రి చదువు మానేద్దామనుకున్నాను. మానలేదు. ఎందుకు మానలేదో ఇప్పటికీ తెలియదు. ధైర్యం మాత్రం కాదు. మానితే ఇంక ఏం చేయాలో తోచలేదు, అంతే.

డిగ్రీ వచ్చింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, మా క్లినిక్‌లో ఆ హోదాకు ఉద్యోగమే లేదు. ఇప్పటికీ నేను సిస్టర్‌నే. కొత్తగా వచ్చిన నర్సులు ఆ కేసు ఏం నేర్పిందని అడుగుతుంటారు. రోగి మతం అడగవద్దు, అతని గదిలో పొయ్యి వెలిగే వేళ అడగండి అని చెబుతాను. రోగి నిజం చెప్పినా, నర్సుకు అర్థమైనా, ఆ రెండూ కలిసి కూడా అతన్ని కాపాడలేకపోవచ్చు. అది కూడా ఆ కేసే నేర్పింది. అది మాత్రం వాళ్లకు చెప్పడానికి నోరు రాదు.

మొన్న గంగారాం భార్య లక్ష్మి వీడియో కాల్ చేసింది. నులక మంచం మీద అతను కూర్చుని ఉన్నాడు. నా వైపు చూశాడు కానీ, నేనెవరో ఆ చూపులో లేదు.

"సిస్టరమ్మా, నువ్వు మందులు రాసే సదువు సదివినవట గద" అంది లక్ష్మి. "ఒక్కోదినం రెండు బుక్కలు తింటడు, ఒక్కోదినం నోరే తెరవడు. సూది ఎంతియ్యాలె?"

నేను అతన్ని పరీక్షించి చూడలేదు. అక్కడ మన దేశంలో నాకు మందు రాసే హక్కు లేదు, ఇక్కడ సౌదీలోనూ లేదు.

"అక్కడి డాక్టరుకు సూపిచ్చమ్మా" అన్నాను.

"అట్లనే సిస్టరమ్మా" అని ఆమె ఫోను పెట్టేసింది.